ఎనిమిదో పెట్టె

వంటింటి తూనిక మీద చెంచా పెట్టాను.
పదకొండు గ్రాములు.
టూత్‌బ్రష్షు పిడి సగానికి కోస్తే
మూడు గ్రాములు కలిసొచ్చాయి.
పక్కింటి ఓడ్‌వార్ నవ్వి నవ్వి
చేపలు తూచే కొక్కెం తక్కెడ తెచ్చాడు.
నా సంచిని దూలానికి వేలాడదీసి
ముల్లు ఆగేదాకా ఊపిరి బిగబట్టి
"పందొమ్మిది కిలోలు.
కాడ్ చేపైతే బేరమాడేవాణ్ణి" అన్నాడు.
పద్నాలుగు దాటితే
మోకాళ్లు వడ్డీతో వసూలు చేస్తాయట.

ముప్పయ్యొక్కేళ్లు మాండాల్ వీధుల్లో ఉత్తరాలు పంచాను,
రోజుకు పద్నాలుగు కిలోమీటర్లు.
భూగోళాన్ని రెండున్నర సార్లు చుట్టానని
రిటైరైన రోజు కేకు మీద క్రీముతో రాశారు.
రాశారు గానీ
ఏ సాయంత్రమూ ఆ నడక నా గుమ్మం దాటి పోలేదు.
గానుగెద్దుకు దూరం తెలుసు,
ఊళ్లు తెలియవు.

ఇప్పుడు చుట్టు కాదు, గీత.
లిండెస్నెస్ దీపస్తంభం నుంచి నార్డ్‌కాప్ దాకా
దేశం వెన్నెముక పొడవునా
రెండువేల ఏడువందల కిలోమీటర్లు.
మడతలు విప్పితే పటాలు
వంటింట్లోంచి నడవాలోకి,
నడవాలోంచి పడగ్గదిలోకి పాకాయి.
ఆర్కిటిక్ వృత్తం దాటడానికి
మంచం జరపాల్సి వచ్చింది.

ఫిబ్రవరి అంతా సంచినిండా బంగాళాదుంపలు మోస్తూ
నా పాత వీధుల్లోనే తిరిగాను.
కుక్కలు గుర్తుపట్టి, అలవాటుగా, మొరిగాయి.
మూలమీద ఇంటి ముసలాయన
కిటికీలోంచి చెయ్యి చాపాడు.
ఇవ్వడానికి ఇంకేం లేక
ఒక బంగాళాదుంప ఇచ్చాను.
సంతకం ఎక్కడ పెట్టాలని అడిగాడు.

రాత్రిళ్లు ఓవెన్ తలుపు సందులో చెక్క గరిటె ఇరికించి
రెయిన్‌డీర్ మాంసం, కారట్లు ఎండబెట్టాను.
తెల్లారేసరికి ఓ ఆదివారపు విందు
గుప్పెడు కంకరైంది.
దాన్ని సంచుల్లో నింపి, సంచుల్ని పెట్టెల్లో సర్ది
ఎనిమిది ఊళ్లకు
నాకు నేనే పంపుకోవాలి.
మొదటిది హౌకెలిసెటర్, తర్వాత ఎక్కడో రోరోస్,
చిట్టచివర కౌటోకెయ్నో.
అందరి పేర్లూ మోసిన చేతికి
సొంత పేరు రాయడం ఎంత ఎబ్బెట్టుగా ఉందో!
రాగ్న్‌ఫ్రిడ్ ఓస్లాండ్, రాగ్న్‌ఫ్రిడ్ ఓస్లాండ్,
నాలుగో పెట్టెకల్లా
వేరెవరి పేరో రాస్తున్నట్టైంది.

ఏడు పెట్టెలు ఎలాగో నిండాయి.
ఎనిమిదోదాని దగ్గర చెయ్యి ఆగింది.
బూట్ల షాపు కుర్రాడు ముందే చెప్పాడు,
ఒక సైజు పెద్దది తీసుకోండి,
నెలలు నడిస్తే పాదం సాగుతుందని.
అరవై మూడేళ్లకు నా పాదం పెరుగుతుందట!
అయితే సెప్టెంబరులో ఈ పెట్టె విప్పే మనిషి
నాకంటే పెద్ద కాళ్లున్న మనిషి.
ఆవిడకేం ఇష్టమో నాకేం తెలుసు?
ఉప్పేసిన అతిమధురం బిళ్లలు నాకు ప్రాణం,
ఆవిడ మొహం తిప్పుకుంటుందేమో.
ఒంటరితనం అలవాటైపోయి ఉంటుందా,
పెట్టె మీది చేతిరాత చూసి
చిరాకుపడుతుందా?
పెద్ద సైజు మేజోళ్లు రెండు జతలు పెట్టాను.
బిళ్లలు పెట్టి, తీసి, మళ్లీ పెట్టాను.

పోస్టాఫీసు ఇప్పుడు కిరాణా కొట్లో ఓ మూల,
పాల సీసాల పక్కన.
కౌంటర్లో సిన్నె పెట్టె ఊపి చూసి
"లోపల ఖాళీ ఉంది, కాగితం కుక్కనా?" అంది.
వద్దన్నాను.
"తీసుకోకపోతే ఎవరికి తిప్పి పంపాలి?"
ఈ ప్రశ్న నేను వందలమందిని అడిగాను.
తిరిగొచ్చిన కవర్లను
గుమ్మాల దగ్గర అప్పగించాను,
అందుకున్నవాళ్ల మొహాలు చూడకుండా.
నాకు ఇంకో ఇల్లు లేదు, ఇంట్లో ఇంకొకరు లేరు.
ఓడ్‌వార్ ఇంటి నంబరు రాశాను.

సాయంత్రం ఆ మాట చెప్పాను.
అతను దూలం నుంచి తక్కెడ విప్పుతున్నాడు.
సంచిలోంచి తీసేసిన ఐదు కిలోలు,
రేడియో, ఇనప పెనం, రెండో స్వెట్టరు,
బల్లమీద వరసగా ఉన్నాయి.
చాలాసేపు కొక్కెం తుడిచాడు.
"వెనక్కొస్తే
దాన్ని మాత్రం తూచను" అన్నాడు.